ఊపిరి తగలని గుడ్డ

అయినా, ఊపిరి పీల్చడం గురించి ఆలోచించినంతగా మనుషులు ఊపిరి వదలడం గురించి ఆలోచించరు, అనుకున్నాడు ముత్యం, కారు కింద వెల్లకిలా పడుకుని. అమ్మకు పీల్చడం కష్టమయ్యేది కాదు. వదలడమే కష్టం. పొగాకు దుమ్ము పేరుకున్న ఆ ఛాతీలోంచి గాలి బయటికి దారి వెతుక్కునేది, సన్నగా ఈల వేసేది, గొంతు దగ్గర ఆగేది, ఆగి మళ్ళీ లోపలికే పోయేది. కోరుట్లలో ఆ ఒంటిగది ఇంట్లో, సగం చుట్టిన బీడీల చాట పక్కకు జరిపి, గోడకు ఆనుకుని, పైకప్పు వంక చూస్తూ ఆమె ఒక్కొక్క ఊపిరినీ బయటికి తోసేది. గుమ్మంలో కూర్చున్న పిల్లవాడు ఆ ఊపిరితో పాటు తనదీ బిగపట్టేవాడు. ఇప్పటికీ అంతే. మనుషుల పక్కన ఎక్కువసేపు కూర్చోలేడు. యంత్రాల పక్కన కూర్చోగలడు. యంత్రం ఆయాసపడితే దానికో కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది.

ఈ ఎర్ర కారుకూ ఊపిరి గొట్టం ఉంది. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఉంటుంది. పిస్టన్లు ఆడుతున్నప్పుడు మండిన గాలి కొంత పక్కల్లోంచి జారి, కింద ఆయిల్ నిండిన గదిలోకి దిగుతుంది. ఆ ఒత్తిడి ఎటైనా పోవాలి. వీటిని తయారుచేసినవాళ్ళు ఇంజనుకు ఎడమపక్క ఒక గొట్టం బిగించి, నేలవైపు వేలాడదీసి, ఇక నీ బతుకు నువ్వు బతుకు అన్నట్టు వదిలేశారు. కారు పరిగెడుతుంటే కింద కొట్టే గాలి ఆ పొగను లాక్కుపోతుంది. నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడు మాత్రం లాగేవాళ్ళు ఉండరు. గొట్టం మూతి దగ్గర పొగ తచ్చాడి, చుక్కగా మారి, నేల మీద రాలుతుంది. వెనక క్లచ్ దగ్గర ఇంకో చోట కూడా ఆయిల్ కారుతుంది. అక్కడ ఇప్పటి కార్లకు ఉండే సీలు లేదు, అందుకే ఇంజను ఆపేశాక కూడా నింపాదిగా బొట్లు పడుతూనే ఉంటాయి. హైదరాబాదు గ్యారేజీలో చాలా ఏళ్ళు ఇలాంటి కార్ల కింద బతికిన ముత్యానికి, నేల మీద మరకలు చూస్తే చాలు, కారు ఎటు మొహం పెట్టి నిలబడిందో, ఇంజను ఆడుతూ నిలబడిందో ఆపి నిలబడిందో తెలిసిపోయేది. గ్యారేజీ మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు నేలకేసే చూస్తాడు.

ఇప్పుడు తల తిప్పి నేలకేసి చూశాడు. గొట్టం మూతికి సరిగ్గా కింద, పోలీసు ఔట్‌పోస్టు ఆవరణ మట్టిలో, నల్లని మరక. దాని చుట్టూ చిన్న చిన్న తుంపరలు.

అప్పుడే వినిపించింది. సన్నటి ఈల. ఆగింది. మళ్ళీ ఈల.

ఇంజను ఆగి ఉంది. పైన చల్లని ఇనుము తప్ప మరేం లేదు. అయినా చెవి పక్కనే ఎవరో, ఊపిరి వదలడానికి కష్టపడుతున్నారు. కళ్ళు మూసుకున్నాడు. చాటలోంచి ఆకు రాలిన చప్పుడు కూడా వస్తుందేమోనని ఎదురుచూశాడు.

"సారూ, నిద్రపోయిండ్రా ఏంది?" కారు పక్కన రెండు బూట్లు వచ్చి నిలబడ్డాయి. హెడ్ కానిస్టేబుల్ మల్లేశం.

"ఎవరది? ఆయాసపడుతున్నది?"

"గదా? గా కిటికీల దశరథం, సారు. పక్కబొక్కలు నొస్తున్నట్టున్నయ్." ఏదో తలుపు కీచుమంటోందన్నంత మామూలుగా చెప్పాడు మల్లేశం.

కారుకు ఎదురుగానే లాకప్ కిటికీ. ముత్యం మెల్లగా ఊపిరి వదిలాడు. మనిషేనన్నమాట. కానీ ఆ తెలివిడి వల్ల వచ్చిన ఊరట ఎక్కువసేపు నిలవలేదు.

ఈ కారు జలపతిరావుది. పెగడపల్లి వైపు ఊళ్ళో భూములున్న దొర. అడవిలోని నక్సలైట్ అన్నల భయానికి ఊరొదిలి జగిత్యాలలో ఇల్లు కట్టుకుని, సిరిసిల్లలో మరమగ్గాల కార్ఖానా పెట్టాడు. ఎప్పుడో ఎవరో తెల్లదొర అమ్మేసి పోయిన ఈ రెండు సీట్ల కారంటే ఆయనకు ప్రాణం. అటుమొన్న సిరిసిల్ల నుంచి ఇంటికి బయలుదేరి, ఈ నల్లగుట్ట ఎక్కుడులో తుపాకి గుండు తగిలి చచ్చిపోయాడు. తెల్లవారి మొదటి బస్సు వాళ్ళు చూశారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రఘోత్తం ఆ పూటే కేసు తేల్చేశాడు. అన్నలు చంపారు. కారు గుట్ట మీద ఆగిపోయేటట్టు కార్ఖానాలో పనిచేసే దశరథం గొట్టంలో గుడ్డ కుక్కి పంపాడు. ఇంజను చచ్చిపోతే కారును ట్రాక్టర్‌తో లాగి ఔట్‌పోస్టుకు తెచ్చారు. దశరథం నేరం ఒప్పుకున్నాడు.

నిన్న జగిత్యాలలో జలపతిరావు భార్య ఇంద్రమ్మ మాత్రం ఒక్కటే మాట పట్టుకుంది. "అన్నలు చంపితే దాచరయ్యా. ఏం తప్పు చేసిండో చీటి రాసి, రాయి కింద పెట్టి మరీ పోతరు. మా ఆయన దగ్గర చీటి ఏది?" ఆమె ఏడవలేదు. కారు రెండో తాళంచెవిని కొంగుకొసతో తుడిచి తుడిచి చివరికి అతని చేతిలో పెట్టింది. "నెలసంది ఆయనకు నిద్ర లేదు. రాత్రంతా వరండాల తిరిగేటోళ్ళు. అడిగితే, 'చూసింది చెప్పాలె ఇంద్రా, లేకుంటె ఇది నన్ను ఒదలది' అనేటోళ్ళు. ఏం చూసిండ్రో చెప్పలే. కలెక్టరుకు చెప్తనన్నరు. గా రోజు అందుకే జల్ది బయల్దేరిండ్రట."

నిద్రపట్టని దొర. ఆ మాట ముత్యాన్ని జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, సిరిసిల్ల నుంచి ఇక్కడి దాకా వెంటాడుతూనే ఉంది. మనిషి లోపల ఏం పేరుకుంటే అలా రాత్రంతా నడుస్తాడు?

చేయి పైకి చాచి గొట్టం మూతి తడిమాడు. గట్టిగా కుక్కిన గుడ్డ తగిలింది. రెండు వేళ్ళు దూర్చి మెలిపెట్టి లాగాడు. పాత తువ్వాల ముక్క. బయటికి కనిపించే కొస ఆయిల్‌తో, దుమ్ముతో నల్లగా ఉంది. గొట్టం లోపలికి పోయిన కొస మాత్రం... అతను దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

లోపలి కొస తెల్లగా ఉంది. పొడిగా ఉంది. సబ్బు వాసన కూడా ఇంకా పోలేదు.

సిరిసిల్ల నుంచి నల్లగుట్ట దాకా ఇంజను ఊపిరి ఈ గుడ్డ మీదే పడి ఉంటే, ఇది నల్లటి ముద్ద అయి ఉండాలి. దీని మీద ఇంజను ఒక్కసారి కూడా ఊపిరి వదలలేదు. కారు ఆగిపోయాక, చల్లబడ్డాక, తీరిగ్గా పెట్టిన గుడ్డ ఇది.

కారు కింది నుంచి జరుగుతూ బయటికొచ్చి, గుడ్డను జేబులో పెట్టుకున్నాడు. మల్లేశం చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

"సి.ఐ. గారు?"

"కోరుట్ల పోయిండు. వస్తడు."

"దశరథంతో మాట్లాడాలి."

మల్లేశం గేటు వైపు చూశాడు. అక్కడ ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. దశరథం భార్య నీల. పొద్దున ముత్యం వచ్చినప్పుడూ అలాగే ఉంది. మల్లేశం తనవైపు చూడగానే ఆమె గొంతెత్తింది. "ఏం చూస్తున్నవ్ మల్లన్నా? పెట్టిన సద్దికూడు నువ్వే తిన్నవా, గాయినకిచ్చినవా? ఒట్టేసి చెప్పు."

"ఇచ్చిన తల్లీ, ఇచ్చిన. నన్నెందుకు సంపుతవు?" అని మల్లేశం ముత్యం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పోయి మాట్లాడుండ్రి సారు. జల్ది కానియ్యుండ్రి. పొద్దు గూకంగ జీపు పోతది. వాడు తుపాకి దాచిన జాగ చూపిస్తడట."

"చూపిస్తానన్నాడా?"

మల్లేశం టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అడవికి ఆయుధం చూపించడానికి పోయినవాళ్ళ సంగతి ఆ జిల్లాలో అందరికీ తెలుసు. మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులు అని వస్తుంది.

లాకప్ గదిలో దశరథం గోడకు ఆనుకుని కూర్చున్నాడు, సరిగ్గా అమ్మ కూర్చున్నట్టే. ముత్యం గుమ్మంలో ఆగిపోయాడు. ఒక్క క్షణం వెనక్కి తిరిగి కారు దగ్గరికే వెళ్ళిపోదామనిపించింది. ఆ ఈల. ఆ ఆగడం. అవతలి మనిషి ఊపిరితో పాటు తనదీ బిగపట్టాడని గమనించి, బలవంతంగా వదిలి, లోపలికి వెళ్ళి నిలబడ్డాడు.

"నేను పోలీసును కాదు. దొరసాని పంపింది. కోరుట్ల నాది. మాదీ నేతోళ్ళ ఇల్లే."

"మంచిగైంది సారు. మనోళ్ళల్ల కూడ డిటెక్టివులు అయినరన్నమాట." దశరథం నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకున్నాడు.

"గొట్టంల నువ్వే కుక్కినవా?"

"నేనే. కొట్టకముందూ గదే చెప్పిన, కొట్టినంక గదే చెప్పిన. ఉత్తగనే కొట్టిండ్రు."

"ఎందుకు కుక్కినవు?"

"ఎందుకేంది సారు? దొర కారు బయట పెడితె ఎవడన్న అగ్గిపెడ్తడని భయం. తెచ్చి కార్ఖానల, మగ్గం సాంచెల పక్కన పెట్టిండు. ఇంజను ఆపడాయె, దాన్ని చూసుకుంట నిలవడ్డడు. కిందికెల్లి నూనె టప్పు టప్పున పడుతున్నది. పక్కకే తెల్ల గుడ్డ తాన్లు పేర్చి ఉన్నయ్. ఒక్క చుక్క ఎగిరి పడ్డదనుకో, గా తాను పక్కకు పెడ్తరు, నేసినోని కూలి కోస్తరు. వాడచ్చి నా గల్ల పడ్తడు. సాంచెకు నూనె కారితె ఏం చేస్తం? కుక్కుతం. గిదీ గంతే అనుకున్న."

"అది నూనె కారే బెజ్జం కాదు. ఇంజను ఊపిరి వదిలే గొట్టం."

"కారుకు ఊపిరేంది సారూ!" దశరథం కళ్ళు పెద్దవి చేశాడు. కొట్టిన మనుషుల మీద కంటే ఈ సంగతి మీదే అతనికి ఎక్కువ ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. "మరి నాకెవరు చెప్పిండ్రు? దొర పోయేటప్పుడు తీసెయ్యాల్నని మనసుల పెట్టుకున్న. గీలోపల ఓ సాంచెల పోగులు తెగినయని పిలిచిండ్రు, పోయిన. దొర చల్లగ వెళ్ళిపోయిండు. గా బెజ్జం మూసినందుకే కారు ఆగిందా? నిజం చెప్పు సారు. నా వల్లనే సచ్చిండా దొర?"

అతని చూపు ముత్యం మొహాన్ని వదలలేదు. లాఠీ దెబ్బలకు ఒప్పుకున్న మనిషి కాదు ఇతను. గొట్టం మూసింది తనే, కారు ఆగింది గుట్ట మీద, దొర చచ్చింది అక్కడే. ఈ మూడింటినీ లోపల తనే ముడేసుకుని, ఆ ముడి విప్పుకోలేక కూర్చున్నాడు. ఇలాంటి మనిషితో ఏదైనా ఒప్పించవచ్చు.

"దేంతో కుక్కినవు?"

"వేస్టు నూలుతోని."

"గుడ్డతో కాదా?"

"గుడ్డా?" దశరథానికి కోపం వచ్చింది. "నేసేటోడు గుడ్డను పట్టుకపోయి నూనెల కుక్కుతడా సారు? నువ్వు నేతోళ్ళ ఇంట్ల పుట్టినవా అసలు? తెగిన పోగులుంటయ్, ముద్ద చేసి కుక్కుతం. గుడ్డ ముక్క ముట్టుకుంటె మా అమ్మ సత్తవ్వ చెయ్యి ఇరగ్గొడ్తది."

ముత్యం రెండో జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నిన్న సిరిసిల్లలో కార్ఖానా గేటు బయట, మోరీ పక్కన దొరికిన నల్లటి ముద్ద. ఎందుకు తీసి జేబులో వేసుకున్నాడో అప్పుడు తనకే తెలియదు. నేలకేసి చూస్తూ నడిచే అలవాటు, అంతే.

దశరథం దాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో ఒక పోగు లాగి చూశాడు. "నాదే."

"గేటు దాటగానే ఇంజను దీన్ని ఊసేసింది. దొర బండి ఊపిరి ఆడుతూనే సిరిసిల్ల దాటింది. నీ వల్ల ఏం ఆగలే దశరథం. ఏం కాలే."

దశరథం ఆ ముద్దను వెనక్కి ఇచ్చాడు. తర్వాత కిటికీ వైపు ఒకసారి చూసి, మొహం దగ్గరకు తెచ్చాడు.

"మరి నన్నెందుకు తెచ్చిండ్రో నాకెర్కైంది సారు. నర్సయ్య అని ఓ పోరడు మా కార్ఖానల సాంచెలు నడిపేటోడు. సంఘంల తిరిగేటోడు. పోయిన నెల గీ సి.ఐ. జీపేసుకోని అచ్చి, నూలు కండెలు మారుస్తున్నోన్ని మారుస్తున్నట్టె తీస్కపోయిండు. దొర చూసిండు. నేను చూసిన. మిగిలినోళ్ళు పక్క షెడ్డుల ఉన్నరు. తెల్లారి పేపర్ల ఏమచ్చింది? బీర్పూర్ దిక్కు అడవిల తుపాకులు పేల్చుకుంట ఎదురువడ్డడట, సచ్చిండట. దొర గా పేపరు చేతుల పట్టుకోని నా మొహం చూసిండు. నేను దొర మొహం చూసిన. ఏం మాట్లాడలే. గప్పటిసంది గాయినకు నిద్ర లేదు, నాకు లేదు."

చూసినవాళ్ళు ఇద్దరు. ఒకడు గుట్ట మీద పోయాడు. రెండోవాడు ఇక్కడ.

బయట జీపు వచ్చి ఆగింది.

రఘోత్తం పొడుగ్గా, శుభ్రంగా, నవ్వుమొహంతో ఉండే మనిషి. గట్టిగా మాట్లాడడు. అతని చేతి రుమాలు కూడా ఇస్త్రీ మడతల్లో ఉంటుంది.

"ఏం డిటెక్టివ్ గారూ, పొద్దటిసంది కారు కిందనే కాపురమట? దొరసాని ఏమన్న అడ్డాకూలి ఇస్తున్నదా?"

"నేల బాగుందండీ ఇక్కడ. చాలా చెప్తోంది."

"మాకైతె మనుషులు చెప్తరు. నేల చెప్పేదాక ఆగే తీరిక మాకు లేదు." వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పుండ్రి, ఏం చెప్పింది మా నేల?"

తెలిసిందంతా చెప్పకూడదని ముత్యానికి తెలుసు. మంచి డిటెక్టివు ఇక్కడ నోరు మూసుకుని, నమస్కారం పెట్టి, బస్సెక్కుతాడు. కానీ కిటికీలోంచి ఆ ఈల వినిపిస్తూనే ఉంది. అది వినిపిస్తున్నంతసేపూ లెక్కవేసి మాట్లాడడం అతనికి చేతకావడం లేదు.

"కారు ఇంజను చచ్చిపోయింది, ట్రాక్టర్‌తో లాక్కొచ్చారు. అంతేనా?"

"రిపోర్టుల రాసింది చదువుకున్నరు కద."

"సిరిసిల్ల నుంచి వస్తూ దిగి చూశాను, గుట్ట మీద, రోడ్డు పక్కన రెండు మరకలున్నాయి. ఒకటి వెనకది. ఇంకోటి ఎడమ పక్కది, ఈ గొట్టంలోంచి రాలింది. గొట్టం మూసి ఉంటే ఆ రెండోది పడదు. ఇంజను ఆగి ఉన్నా పడదు. అక్కడ కారు ఆగిపోలేదండీ. ఇంజను ఆడుతుండగా, పద్ధతిగా ఎడమ అంచుకు తీసి, నిలబెట్టారు. ఎవరితోనో మాట్లాడ్డానికి."

"అన్నలు చెయ్యెత్తితె ఆపిండేమో."

"అన్నల భయానికి ఊరొదిలిన మనిషి అడవిలో వాళ్ళు చెయ్యెత్తితే ఆపుతాడా? యాక్సిలరేటర్ తొక్కేస్తాడు." ముత్యం ఆగాడు. ఆ మనిషి ఆ కాలంలో, ఆ అడవిలో ఏ బట్టలు చూస్తే కారు ఆపుతాడో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరి మధ్యా వరండాలో నిలబడిపోయింది.

రఘోత్తం నవ్వు చెరగలేదు. "నూనె మరకలు తీస్కపోయి కోర్టుల పెడ్తరా? జడ్జి గారు వచ్చి గుట్ట మీద వంగి చూస్తరా?"

"కోర్టు దాకా ఎందుకు? మీరే వినండి."

అతను కారు దగ్గరికి నడిచాడు. తలుపు తీసి, ఇంద్రమ్మ ఇచ్చిన తాళంచెవి పెట్టి తిప్పాడు. స్టార్టర్ మీట లాగాడు. ఒకసారి దగ్గింది. రెండోసారికి ఇంజను అందుకుంది. చచ్చిపోయిందని రాసిన ఇంజను, తొణకకుండా, నిదానంగా ఆడుతోంది. మల్లేశం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వంటగదిలోంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు బయటికి వచ్చారు. గేటు దగ్గర నీల లేచి నిలబడింది.

కారు కింది నుంచి తెల్లటి పొగ తచ్చాడుతూ లేచింది. ఒక చుక్క తయారై, పాత మరక మీదే పడింది. ఇంకో చుక్క.

చచ్చిన మనిషి ఇష్టంగా పెంచుకున్న ప్రాణి ఒకటి, ఆ మనిషి పోయిన సంగతి తెలియక ఇంకా అతని కోసం ఊపిరి తీస్తున్నట్టుంది. ఎవరైనా వచ్చి సీట్లో కూర్చుంటారని ముత్యానికి అనిపించింది. వెంటనే ఆపేశాడు.

"గొట్టం కింద మరక మొన్నటిది. అంటే మొన్న కూడా ఇది ఇక్కడ ఇలాగే ఆడింది. ఎవరో నడుపుకుంటూ వచ్చారు. వచ్చాక గొట్టంలో తువ్వాల కుక్కారు. ఇంజను ఆపాక కుక్కారు కాబట్టి దాని లోపలి కొస ఇంకా తెల్లగానే ఉంది."

రఘోత్తం కుర్చీలోంచి లేచి, నిదానంగా మెట్లు దిగి, ముత్యం పక్కన నిలబడ్డాడు. దగ్గరి నుంచి సబ్బు వాసన వచ్చింది. ముత్యం జేబులో ఉన్న గుడ్డ వాసన.

"మంచి మెకానిక్కువయ్యా నువ్వు." గొంతు స్నేహంగా ఉంది. "గ్యారేజీ ఇడిసిపెట్టి తప్పు చేసినవు. కోరుట్లల ఏ లాడ్జిల దిగినవు? బస్టాండు ఎదురుంగనా? గా లాడ్జి కిటికీలకు చువ్వలు లేవు. జర చూసుకో." తర్వాత తల తిప్పకుండానే కేకేశాడు. "మల్లేశం! దశరథాన్ని తియ్యి. తుపాకి చూపిస్తనన్నడు కద. చీకటి పడకముందె పోవాలె."

"నేనేం అనలే!" లోపలి నుంచి దశరథం అరుపు. "ఏ తుపాకి? నేనేడ చూసిన తుపాకి? నీలా!"

"నా టోపీ ఏదిరా?" అంటూ రఘోత్తం గదిలోకి వెళ్ళాడు.

రోడ్డు మీద హారన్ వినిపించింది. గుట్ట దిగి బస్సు వస్తోంది. ఔట్‌పోస్టు దాటాక మలుపులో ఆగుతుంది. "కోరుట్ల, జగిత్యాల!" అని కండక్టర్ పిలుపు అప్పుడే మొదలైంది.

ముత్యం గేటు దగ్గరికి పరుగెత్తాడు. రెండు జేబుల్లో ఉన్నవీ తీసి, తువ్వాలనూ నూలు ముద్దనూ నీల ఒడిలో పెట్టాడు.

"బస్సెక్కు. జగిత్యాలలో జలపతి దొర ఇల్లు అడుగు. ఇంద్రమ్మ చేతికే ఇయ్యి, ఇంకెవరికీ ఇయ్యకు. గుడ్డ లోపలి కొస ఇంకా తెల్లగుందని చెప్పు. సి.ఐ. దశరథాన్ని జీపుల ఎక్కించుకున్నడని, ఫోను కొట్టుమని, కలెక్టరు దాక పోవాల్నని చెప్పు."

"ఆయన్ని ఇడిసిపెట్టి నేనెట్ల పోవాలె అన్నా?"

"నువ్వు ఇక్కడ కూసుంటె వాళ్ళు ఆగుతరా? పో!"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, కొంగులో మూట కట్టుకుని రోడ్డు వైపు ఉరికింది. మల్లేశం ఆమె గేటు దాటి పోవడం చూశాడు. చూసి, జీపు టైరు గాలి చూస్తున్నట్టు కిందికి వంగాడు.

ముత్యం కూడా ఆ బస్సెక్కవచ్చు. ఎక్కడమే తెలివైన పని. జగిత్యాలలో ఫోను ఉంది, దొరసాని ఉంది, పేపరువాళ్ళున్నారు. అన్నీ విప్పి చెప్పవచ్చు, ఒక్కొక్క మరక గురించీ. అప్పటికి చెప్పడానికి అన్నీ ఉంటాయి, దశరథం తప్ప. బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. కిటికీలో నీల తల కనిపించి పోయింది. ఆ చప్పుడు సన్నబడుతూ మలుపు తిరిగి ఆగిపోయేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

దశరథాన్ని రెండు భుజాలూ పట్టి తెచ్చి జీపు వెనక ఎక్కించారు. చేతులకు సంకెళ్ళు. అంత ఎత్తు ఎక్కేసరికి ఆయాసం ఎక్కువైంది. ఈల ఆగడం లేదు. ఎదురు బెంచీ మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు తుపాకులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు దశరథం వైపు చూడకుండా కాలి బూటు లేసు మళ్ళీ మళ్ళీ ముడేస్తున్నాడు.

రఘోత్తం టోపీ సర్దుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. "బస్సు పోయినట్టున్నది డిటెక్టివ్ గారూ. ఇంకో బస్సుకు చానా సేపుంది. నడుసుకుంట పోతరా?"

"లేదు," అన్నాడు ముత్యం.

"మరి?"

"మీతో వస్తాను. తుపాకి ఎక్కడ దాచాడో నేనూ చూస్తాను. దొరసానికి చెప్పాలి కదా."

రఘోత్తం మొదటిసారి వెనక్కి పూర్తిగా తిరిగాడు. మొహంలో నవ్వు లేదు. దాని కింద ఉన్న మొహం అలసిపోయి, వయసు మళ్ళి ఉంది. "అడవయ్యా అది. చీకటి పడితె ఎవడెటు కాలుస్తడో తెల్వది. నీకేమన్న అయితె నాది పూచీ కాదు. జాగ లేదు వెనక."

ముత్యం వెనక్కి నడిచాడు. బెంచీ మీద దశరథం పక్కన కొంచెం జాగా ఉంది. ఆ మనిషి ఊపిరి తన మొహానికి తగిలేంత దగ్గర. అతను ఇనుప రేకు పట్టుకుని ఒక కాలు పైకి పెట్టాడు, క్షణం ఆగాడు, రెండో కాలు పెట్టి లోపలికి ఎక్కి, దశరథం భుజానికి తన భుజం ఆనించి కూర్చున్నాడు.